నాలుగు నట్లు, నాలుగు టిక్కులు

జూన్ 5, గురువారం

పోస్టమ్మ పడిపోయింది. ఉత్తరాల సంచితో వంతెన దిగుతుంటే వెనక చైను ఊడి చక్రానికి చుట్టుకుందట. బండి అడ్డంగా ఈడ్చుకుపోయి పిట్టగోడకి తగిలింది. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. హెల్మెట్ పెట్టుకుంది కాబట్టి తల దక్కింది.

ఆ బండి మొన్న శనివారం మా షాపులోంచే వెళ్ళింది.

మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను. కొత్త చైను, అది తిరిగే పళ్ళచక్రాలు, అదే స్ప్రాకెట్లు, ముందూ వెనకా కొత్తవి. పొద్దున మా బావమరిది చక్రం విప్పి, హబ్బు కడిగి, వెనక స్ప్రాకెట్ కూర్చోబెట్టి, దాన్ని హబ్బుకి పట్టి ఉంచే నాలుగు స్టడ్ బోల్టులకీ నట్లు చేత్తో తిప్పి వదిలాడు. పన్నెండింటికి ఉద్యోగం మెడికల్ టెస్టుకని వెళ్ళిపోయాడు. తర్వాతంతా నేనే. స్టడ్ల మరల మీద నూనె చుక్క లేకుండా తుడిచాను. బిగువు కొలిచే టార్క్ రెంచిని బండి పుస్తకంలో చెప్పిన కొలతకి తిప్పాను. ఎదురెదురు నట్లు, ముందు సగం బిగువు, తర్వాత పూర్తి బిగువు. నాలుగూ అయ్యాక నట్టు మీంచి స్ప్రాకెట్ మీదకి, నట్టు కదిలితే తెలిసేలా, తెల్లరంగు గీత పెట్టాను. చక్రం ఎక్కించి, చైను వదులు చూసి, యాక్సిల్ నట్టు బిగించి, పిన్ను వంచాను.

ముప్పై నాలుగేళ్ళుగా చేస్తున్న పని. కొలత అందగానే రెంచి టిక్కుమంటుంది. అక్కడ చెయ్యి ఆపాలి. అంతకంటే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నాలుగు నట్లు, నాలుగు టిక్కులు. విన్నాను.

జూన్ 6

నాలుగు నట్లు, నాలుగు టిక్కులు. ఆ శనివారం కంప్రెసర్ ఆడుతూనే ఉంది. అయినా విన్నాను.

జూన్ 7, శనివారం

పోస్టాఫీసు బళ్ళ షెడ్డు నుంచి ఆఫీసరు వచ్చాడు. చంకలో ఫైలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకే మావాడు, అదే మా బావమరిది, ఆయనకి ఫైలుగారు అని పేరు పెట్టాడు. షెడ్డులో ఉద్యోగానికి మావాడి ఆర్డరు మీద సంతకం పెట్టాల్సింది కూడా ఈయనే. ఫిట్టరు పరీక్షలో మావాడు రెండోవాడుగా వచ్చాడు. వయసు హద్దు ఈ ఆగస్టుతో దాటిపోతుంది. ఇది తప్పితే ఇక లేదు.

ఫైలుగారు స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఈ పని ఎవరు చేశారండీ?"

"స్ప్రాకెట్ కూర్చోబెట్టింది మా బావమరిది," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. "అంటే మా షెడ్డుకి రావాల్సినాయనే కదా?"

"ఆయనే."

మావాడు వెనక కిరోసిన్ పళ్ళెంలో చైను కడుగుతున్నాడు. బ్రష్షు చప్పుడు నాకు వినపడలేదు గానీ చెయ్యి కాసేపు ఆగడం చూశాను. మళ్ళీ కదిలింది.

ఫైలుగారు ఒక కవరు తీసి బల్లమీద పెట్టాడు. అందులో విరిగిన స్టడ్లు మూడు. "నట్లు లూజుగా వదిలేశారు. ఊగి ఊగి విరిగాయి. ఇంత అజాగ్రత్త మనిషిని మేం షెడ్డులో పెట్టుకుంటే రేపు మా గతేమిటి?" అన్నాడు. నేను కవరు పైకెత్తి వెలుతురులో చూశాను. వదులై విరిగిన స్టడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వీటి మెడలు సాగి సన్నబడ్డాయి.

నాసిరకం స్టడ్లు. ఈమధ్య అన్నీ అలాంటివే వస్తున్నాయి.

నేను అబద్ధమేమీ చెప్పలేదు. కూర్చోబెట్టింది వాడే. బిగించింది ఎవరని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

జూన్ 8, ఆదివారం

మధ్యాహ్నం కునుకు తీశాను. లేచేసరికి మా ఆవిడ ముఖం ముడుచుకుని ఉంది. నాలుగుసార్లు పిలిచిందట. పిలిస్తే పలకనా? ఈమధ్య అందరూ నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి కూడా అంతే, పెదాలు కదుపుతుంది, మాట బయటికి రాదు. జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఇంట్లోవాళ్ళని ఏమనగలం.

ఒంట్లో ఓపిక లేదు. మోకాళ్ళు, నడుం, వేళ్ళు. కుడిచేతి మూడు వేళ్ళకి తిమ్మిరి వదలడం లేదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇవాళ ఎంతసేపు పట్టిందో రాయను.

జూన్ 9, సోమవారం

రెంచి మళ్ళీ పెట్టెలో తిరగేసి ఉంది. పిడి ఎడమవైపుకి ఉండాలి. కుడివైపుకి ఉంది. పోయినవారం రెండుసార్లు, అంతకుముందు వారం మూడుసార్లు. నా రెంచి నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదని వాడు పనిలో చేరిన రోజే చెప్పాను. ఈ మనిషికి గోడకి చెప్పినట్టే.

"నా రెంచి తీశావా?" అన్నాను.

"దానికి కాళ్ళొచ్చాయేమో బావా," అన్నాడు నవ్వుతూ.

"నలభై ఏళ్ళు దాటినా నీకు బుద్ధి రాలేదు. దానికి కాళ్ళొచ్చాయా?"

"నాకు బుద్ధి వచ్చే లోపల దానికి రెక్కలొస్తాయిలే," అని టీ తేవడానికి పోయాడు. దొరగారికి అన్నీ వేళాకోళమే. పదిహేనేళ్ళుగా పక్కన పెట్టుకుని పని నేర్పాను. పనిలో వంక పెట్టడానికి లేదు, ఒప్పుకుంటాను. కానీ వస్తువు తీసినచోట పెట్టడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటాడు. అలాంటివాడు నట్లు వదులుగా వదిలేశాడని ఎవరైనా అనుకుంటే అందులో వింతేముంది?

పై వాక్యం రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

జూన్ 10

చెవుల్లో గుబిలి చేరింది. అంతే. రేపు తీయించుకోవాలి.

జూన్ 11

గుబిలి లేదట. డాక్టరు ఏదో పరీక్ష చేయించుకోమని చీటీ రాశాడు. జేబులో ఉంది.

జూన్ 12, గురువారం

షెడ్డు నుంచి ఉత్తరం. వెనక స్ప్రాకెట్ నట్లు ఎవరు బిగించారో షాపు యజమాని స్వయంగా రాసి సంతకం పెట్టి సోమవారంలోపు ఇవ్వాలట. అప్పటిదాకా మావాడి ఆర్డరు ఆపారు. బిగించిన మనిషి పేరు ఇక ఏ పోస్టాఫీసు బండి దగ్గరా కనపడకూడదని కూడా ఉంది.

ఉత్తరం ఇంటికి తెచ్చి బీరువాలో పెడుతుంటే మా ఆవిడ చూసింది. చేతిలోంచి తీసుకుని నిలబడే చదివింది. తమ్ముడి విషయంలో ఆవిడ ఎప్పుడూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. షాపులో మేమిద్దరం ఎంత అరుచుకున్నా అటు వాడికీ ఇటు నాకూ చెరో గ్లాసు మంచినీళ్ళిచ్చి ఊరుకునేది.

ఇవాళ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మాట నాకు అందేలా ముఖంలోకి చూస్తూ అంది. "వాడు నోరు విప్పలేదని మీరూ మూసుకుని కూర్చున్నారు. వాడెందుకు విప్పడం లేదో ఒక్కసారైనా అడిగారా?"

"వాడి తప్పు వాడికి తెలుసేమో," అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. నాకే నచ్చని మాట అది. అయినా అనేశాను.

జూన్ 13, శుక్రవారం

ఇది వరసగా రాయాలి.

పొద్దున పాలకేంద్రం గుమాస్తా బండికి చైను, స్ప్రాకెట్లు మార్చాం. నట్లు నేనే బిగించాను. గీతలు పెట్టాను. ఒంటిగంటకి భోజనానికి ఇంటికి బయల్దేరి సగం దారిలో చూసుకుంటే కళ్ళజోడు లేదు. వెనక్కి వచ్చాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను.

మావాడు చిన్న స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. గుమాస్తా బండి చక్రం మళ్ళీ కిందికి దిగి ఉంది. నేను బిగించిన నాలుగు నట్లూ వదులు చేసి ఉన్నాయి. పెట్రోలు గుడ్డతో నా తెల్లగీతలు తుడుస్తున్నాడు. పక్కన నా రెంచి.

ఒళ్ళు మండింది. ఇదన్నమాట దొంగతనం, నా పని చెడగొట్టి నా మీదకే తెస్తున్నాడన్నమాట అనుకున్నాను. అరవడానికి నోరు తెరిచాను. అంతలో వాడు ఒక స్టడ్డు ఊడదీసి వేళ్ళ మధ్య పెట్టుకుని వెలుతురుకేసి చూశాడు. నేను ఆ కవరుని చూసినట్టే చూశాడు. దాన్ని పక్కనున్న పాత గ్రీజు డబ్బాలో వేసి కొత్తది బిగించాడు. నట్లు చేత్తో తిప్పి, రెంచి అందుకున్నాడు.

నోరు మూసుకుని చూశాను.

మొదటి నట్టు. వాడి మణికట్టు నిదానంగా దిగుతూ దిగుతూ ఒకచోట టక్కున ఆగింది. రెంచి టిక్కుమంటేనే ఎవడైనా అలా ఆగుతాడు. నాకు వినపడలేదు.

దూరంగా ఉన్నాను కదా అనుకున్నాను. నాలుగడుగులు ముందుకు వేశాను. ఎదుటి నట్టు. చెయ్యి ఆగింది. వినపడలేదు. కంప్రెసర్ ఆగి ఉంది. వీధిలో బండి లేదు. ఫ్యాను కూడా లేదు. ఇంకా దగ్గరికి వెళ్ళాను. మూడోది. నాలుగోదానికి నేను వాడి వెనక చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఉన్నాను. రెంచి వైపే చెవి పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మణికట్టు ఆగింది.

ఏమీ లేదు. నిశ్శబ్దం. నాకు అన్ని నట్ల దగ్గరా అదే ఉంది, ఎన్నాళ్ళనుంచో.

మరి నేను విన్న ఆ టిక్కులు ఏమిటి? ముప్పై నాలుగేళ్ళ అలవాటు మీద చెయ్యి ఎక్కడో ఆగుతుంది, ఆగినచోట నేనే మనసులో టిక్కు వేసుకుంటున్నాను. తిమ్మిరి పట్టిన వేళ్ళకి అది చేతిలో తగిలేదీ లేదు. టిక్కు దాటి లాగుతున్నాను. దాటి లాగితే మర సాగుతుంది, మెడ సన్నబడుతుంది. నాలుగు రోజులు బాగానే పట్టుకుని, ఒకరోజు వంతెన దిగుతుంటే తెగుతుంది.

వాడు తెల్లరంగు తీసి గీతలు పెట్టాడు. నేను పెట్టినట్టే కాస్త కుడివైపుకి వాల్చి పెట్టాడు. ఆ వాలు కూడా నేర్చుకున్నాడు. గ్రీజు డబ్బాలో మెడలు సాగిన స్టడ్లు గుప్పెడున్నాయి.

వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఎంతసేపు నిలబడ్డానో వాడికి తెలియదు. నాకూ తెలియదు.

"కళ్ళజోడు బల్లమీద ఉంది బావా," అన్నాడు.

తీసుకుని ఇంటికి వచ్చేశాను. అన్నం తినలేదు.

జూన్ 14, శనివారం

షట్టరు తీయకుండా లోపల కూర్చున్నాం. టీ తెచ్చాడు. ఎదురుగా కూర్చుని, ముఖం నాకు కనపడేలా ఉండి మాట్లాడాడు. వాడు నాతో ఎప్పుడూ అలాగే కూర్చుని మాట్లాడతాడని ఇవాళే గమనించాను. దాన్ని మర్యాద అనుకునేవాణ్ణి.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"పోయినేడాది వానలకి ముందునుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను బావా. రెండుసార్లు. నీకు వినపడలేదు."

టీ గ్లాసు కింద పెట్టాను. తర్వాత వాడే అన్నాడు. "మూడోసారి గట్టిగా చెబుదామంటే షాపు నిండా జనం. అందరిముందూ ఎలా చెప్పను? పోయినేడాది ముల్లున్న రెంచి తెచ్చాను, గుర్తుందా? కంటితో చూసి ఆపేది. నువ్వేమన్నావు?"

గుర్తుంది. గడియారం చూసి నట్టు బిగించేవాడికి పిల్లని కూడా ఇవ్వరు అన్నాను. షాపులో అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ రెంచి అట్టపెట్టెతో సహా పై అరలో పడి ఉంది.

రోజూ నేను భోజనానికి వెళ్ళగానే నేను బిగించినవన్నీ విప్పి మళ్ళీ బిగించేవాడట. తన భోజనం మూడింటికి. ఒంటికి మంచిది కాదని నేనెన్నిసార్లు తిట్టానో. ఆ శనివారం మెడికల్ టెస్టుకి వెళ్ళి వచ్చేసరికి పోస్టమ్మ బండి తీసుకుని వెళ్ళిపోయింది. సోమవారం ఆవిడకి ఫోన్ చేశాడు, ఒకసారి చూసిస్తాను తీసుకురమ్మని. ఉత్తరాలు ఎక్కువగా ఉన్నాయి, వారం చివర వస్తానందట.

"ఆ రోజే వీధి వీధీ తిరిగి పట్టుకోవాల్సింది. తప్పు నాదే," అన్నాడు.

"నోరు ముయ్యి," అన్నాను.

"ఒక పని చెయ్ బావా. స్టడ్లు నాసిరకం అని రాసివ్వు. మెడ సాగిందని నువ్వే చూపించు. నువ్వు చెబితే ఫైలుగారు నమ్ముతాడు. నీ పేరూ పోదు, నా ఆర్డరూ ఆగదు."

ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది, దాచడం ఎందుకు. ఎవరికీ నష్టం లేని మాట. మధ్యాహ్నమంతా కూర్చుని కాగితం రాశాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి. రేపు పోస్టమ్మని కూడా ఒకసారి చూసి, ఆవిడకీ ఇదే చెప్పి, ఎల్లుండి ఇచ్చేస్తాను.

జూన్ 15, ఆదివారం

ఆసుపత్రి. ఎనిమిది మంచాల గది. పోస్టమ్మది కిటికీ పక్కది. కాలు తొడదాకా కట్టు. ఆవిడకి నా వయసే ఉంటుంది, రెండేళ్ళు చిన్నదేమో. రిటైరయ్యే లోపల ఈ కాలు నేలమీద ఆనుతుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదట.

స్టడ్లు నాసిరకం అని చెప్పడానికే వెళ్ళాను. కుర్చీలో కూర్చున్నాను. నేను నోరు తెరిచే లోపల ఆవిడే మొదలుపెట్టింది.

"మీ బావమరిదిగారు రోజూ వస్తున్నారు మాస్టారూ. పళ్ళు తెస్తారు, ఆ మూల నిలబడతారు, తల దించుకుని వెళ్ళిపోతారు. తప్పు చేశాడన్న కోపం నాకుంది, ఎందుకుండదు? కానీ మనిషిని చూస్తే తిట్టబుద్ధి కావడం లేదు. మీరైనా చెప్పండి, రావద్దని."

వాడు ఇక్కడికి రోజూ వస్తున్నాడని నాకు తెలియదు. నా బదులు ఇక్కడ కూడా నిలబడుతున్నాడు.

"బిగించింది ఆయన కాదమ్మా," అన్నాను. "నేను. రెంచి టిక్కుమంటే ఆపాలి. నాకు అది వినపడదు. ఏడాది పైనే అయింది. వినపడుతోందని నన్ను నేనే నమ్మించుకున్నాను. బిగువు ఎక్కువై స్టడ్లు తెగాయి. ఆఫీసరు అడిగితే ఆయన పేరు చెప్పాను."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత, ముఖం అటే ఉంచి, ఏదో అంది. దవడ కదలడం చూశాను. మాట అందలేదు. ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు తలూపి నవ్వేవాణ్ణి. చాలావరకు గడిచిపోయేది.

"వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పండి."

ఆవిడ నావైపు తిరిగి గట్టిగా అంది. గదిలో అన్ని మంచాలవాళ్ళూ చూశారు. "ఇంకెన్ని బళ్ళు ఇలా బిగించారని అడుగుతున్నాను."

పది రోజులుగా ఈ డైరీలో ఆ ఒక్క బండి నాలుగు నట్ల గురించే రాస్తున్నాను. మిగతావాటి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"నా కాలు సంగతి తర్వాత చూద్దాం," అంది పోస్టమ్మ. "ఆ బళ్ళ మీద ఇవాళ ఎవరెవరు తిరుగుతున్నారో ముందు అది చూడండి. మీ మీద కోపం నాకు తగ్గలేదు. తగ్గుతుందని కూడా అనుకోకండి."

జూన్ 16, సోమవారం

మొన్న రాసిన చక్కటి కాగితం చింపేశాను. కొత్తది నాలుగు వాక్యాలు. ఫైలుగారు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"మా బళ్ళు ఇక మీ షాపుకి రావు. తెలుసు కదా?"

"తెలుసండి."

"మొన్న అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది."

"ఔనండి."

ఆర్డరు సంగతి పైవాళ్ళు చూస్తారన్నాడు. లేచి వచ్చేశాను. పద్దెనిమిదేళ్ళుగా ఆ షెడ్డు బళ్ళు మావే. గేటు దగ్గర వాచ్‌మన్ రోజూలాగే సలాం చేశాడు. అతనికి ఇంకా తెలియదు.

సాయంత్రం మావాడూ నేనూ షాపు రిజిస్టరు ముందేసుకున్నాం. వాడు షాపులో ఉన్న రోజుల బళ్ళకి భయం లేదు, అన్నీ మళ్ళీ చూశాడు. రాని రోజులే కావాలి. జ్వరం నాలుగు రోజులు. ఫిట్టరు పరీక్ష రెండు. వాళ్ళమ్మాయి స్కూలు పనులు, అత్తగారి ఆపరేషను. మొత్తం పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో నేనొక్కణ్ణే చైను పని చేసి పంపినవి పందొమ్మిది బళ్ళు.

ప్రతి పేరు పక్కనా నా అక్షరాలతో 'బిగువు సరిచూశాను' అని ఉంది.

జూన్ 19, గురువారం

ఫోన్లు మావాడు చేస్తున్నాడు. వచ్చినవాళ్ళకి చెప్పడం నా పని. నేనే పెట్టుకున్నాను ఆ పని. ఎందుకు పెట్టుకున్నానా అనిపిస్తోంది.

దర్జీ బండి ఇవాళ విప్పాం. మావాడు రెంచి వేసి వదులు చేయబోయేసరికి రెండు స్టడ్లు నట్లతో సహా చేతిలోకి వచ్చేశాయి. మిగతా రెండింటి మీదే చక్రం తిరుగుతోంది. ఆయన రోజూ ఇద్దరు ఆడపిల్లల్ని ఆ బండి మీదే స్కూల్లో దింపుతాడు. పెద్దది వెనక, చిన్నది ముందు ట్యాంకు మీద.

దర్జీ ఆ రెండు స్టడ్లు అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. నేను పాత టైరు మీద కూర్చుండిపోయాను. మావాడు మంచినీళ్ళు తెచ్చాడు. గ్లాసు పక్కన పెట్టి తర్వాతి పేరు చూశాను.

జూన్ 20

ముల్లు రెంచి పై అరలోంచి దించాను. కళ్ళజోడు పెట్టుకుని, ముల్లు చూసుకుంటూ, పనికిరాని హబ్బు మీద అరవైసార్లు బిగించి వదులు చేశాను. మావాడు పక్కన నిలబడి పాత రెంచితో ఒక్కొక్కటీ సరిచూశాడు. ఏభై ఎనిమిది బాగున్నాయన్నాడు. ఆ రెండూ ఏవో అడిగి మళ్ళీ బిగించాను. ఈ వయసులో మళ్ళీ మొదటి పాఠం.

డాక్టరు చీటీ నా చొక్కా ఉతకబోతూ మా ఆవిడ చూసింది. ముప్పయ్యో తారీకున చెవి పరీక్ష. ఆవిడే తీసుకువెళుతుందట.

జూన్ 22

ఆదివారం. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేని రోజు. పడుకున్నాను.

జూన్ 24, మంగళవారం

మావాడి ఆర్డరు వచ్చింది. ఒకటో తారీకున చేరాలి. వాళ్ళక్క కళ్ళు తుడుచుకుంది. వాడు మాత్రం, పందొమ్మిదీ అయ్యాకే వెళతాను, ఫైలుగారు లేకపోతే ఇంకో ఫైలుగారు అన్నాడు. తిట్టి ఊరుకోబెట్టాను. ఒకటో తారీకు లోపలే అన్నీ అవ్వాలి.

ఇవాళ్టికి పన్నెండు బళ్ళు చూశాం. మధ్యాహ్నం పదమూడోది వచ్చింది. ఫొటోగ్రాఫరుది. ఆయనకి అన్నీ అర్జంటే. స్టాండు వేస్తూనే తాళాలు నా చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, మీరే బిగించండి. మీ చెయ్యి పడాలి. మీ బావమరిదిగారిని మాత్రం నా బండి ముట్టుకోనివ్వకండి. పోస్టమ్మ సంగతి ఊరంతా విన్నాం."

మావాడు మూడడుగుల దూరంలో చక్రం తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. ఇరవై రోజులుగా ఊళ్ళో ఈ మాట తిరుగుతోంది. తిరగనిచ్చింది నేను. ఇవాళ కూడా సరే అని తాళాలు జేబులో వేసుకుంటే ఆయన సంతోషంగా వెళ్ళిపోతాడు. పన్నెండుసార్లు చెప్పినా ఈ పదమూడోసారి సులువు కాలేదు. సాయంత్రాలకి దవడలు నొప్పి పుడుతున్నాయి.

"పోస్టమ్మ బండి బిగించింది నేనండీ," అన్నాను. "ఆయన కాదు. నాకు చెవులు సరిగా వినపడవు. కొలత దాటి బిగించాను. మీ బండి కూడా పోయిన నవంబరులో నేనే బిగించాను, అందుకే పిలిపించాం. ఇవాళ అది ఆయనే విప్పి, ఆయనే బిగిస్తారు."

ఫొటోగ్రాఫరు నన్నూ, మావాణ్ణీ, బండినీ మార్చి మార్చి చూశాడు. నా చేతిలోంచి తాళాలు తీసుకుని మావాడి చేతిలో పెట్టాడు. ఇక నావైపు చూడలేదు. నేను అక్కడ లేనట్టే, నా భుజం మీంచి మావాణ్ణి అడిగాడు. పెదాలు చూసి పట్టుకున్నాను. బండి ఎప్పుడిస్తారని.

మావాడు లేచాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆయన్ని దాటి వచ్చి, నా ఎదురుగా నిలబడి, నాకు వినపడేలా అడిగాడు.

"బావా, ఎప్పుడిద్దాం?"

"రేపు పొద్దున," అన్నాను.

ఇంకా ఆరుగురికి చెప్పాలి.